పాత బ్రష్ ట్రక్కును రిటైర్ చేసి కొత్తది తెచ్చుకోవడం ఎలా?

అమెరికాలో ఊరి బయట, ముఖ్యంగా టెక్సస్ లాంటి చోట, ఎండుగడ్డి, పొదలు అంటుకున్నప్పుడు ముందుగా వెళ్లేది పెద్ద ఎర్ర ఫైరింజన్ కాదు. పికప్ చాసిస్ మీద రెండు మూడు వందల గ్యాలన్ల నీళ్ల ట్యాంకు, చిన్న పంపు, గొట్టం చుట్టిన రీలు బిగించిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి. దాన్ని బ్రష్ ట్రక్ అంటారు. కంచె దాటి, పొలంలో దిగి, మంట అంచు వెంబడి నెమ్మదిగా నడుస్తూ నీళ్లు చల్లగలగడం దాని పని.

మన ఆంధ్రలో, తెలంగాణలో ఫైర్ స్టేషన్ అంటే ప్రభుత్వ శాఖ. బండి పాతబడితే కొత్తదాన్ని శాఖే ఇవ్వాలి. టెక్సస్ పల్లెల్లో అలా కాదు. మంటలార్పేది ఊళ్లోని వాలంటీర్లే, బండికి డబ్బు పోగుచేసేదీ వాళ్లే. చాలాచోట్ల ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ అనే ఒక చిన్న పన్ను మండలం ఉంటుంది. ఆస్తి విలువలో ప్రతి 100 డాలర్లకు 10 సెంట్లకు మించి అది పన్ను వేయకూడదు. ఆస్టిన్, డాలస్ చుట్టూ కొత్త కాలనీల్లో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది ఇలాంటి పన్ను కడుతూనే ఉన్నారు, అది ఎక్కడికి వెళ్తుందో తెలియకుండా. 2023 ఆగస్టులో ఆస్టిన్ పక్కనున్న సీడార్ పార్క్ దగ్గర పార్మర్ లేన్ మంట అపార్ట్‌మెంట్ల దాకా వచ్చి ఒక భవనాన్ని కాల్చేసింది. ఇది ఎక్కడో అడవిలోని వ్యవహారం కాదని అప్పుడు చాలామందికి అర్థమైంది.

మీరు వాలంటీరుగా చేరి ట్రక్ కమిటీలో పడ్డా, ఆ డిస్ట్రిక్ట్ బోర్డులో కూర్చున్నా, లేదా బోర్డు సమావేశానికి వెళ్లి ప్రశ్న అడగాలనుకున్నా, ఈ పని ఏ వరసలో చేయాలో చెప్తాను. అందరూ ముందు బండి వయసెంత అని అడుగుతారు. నన్నడిగితే ముందు దాని బరువెంతో తెలుసుకోవాలి.

ముందు కాటా వేయించండి

బండి పనికొస్తుందా లేదా అని స్టేషన్లో కూర్చుని వాదించుకోవద్దు. హైవే పక్కన పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే లారీల కాటా ఉంటుంది. ముందు యాక్సిల్ బరువు, వెనక యాక్సిల్ బరువు, మొత్తం బరువు విడివిడిగా అచ్చువేసి ఇస్తారు. కొద్ది డాలర్ల ఖర్చు. మీరు ఖర్చుపెట్టబోయే లక్షల డాలర్లలో ఇంతకన్నా విలువైన ఖర్చు ఇంకోటి ఉండదు.

మంటకు వెళ్లేటప్పుడు బండి ఎలా ఉంటుందో సరిగ్గా అలాగే తీసుకెళ్లండి. ట్యాంకు నిండా నీళ్లు, ఇంధనం ఫుల్, ఫోమ్ క్యాన్లు, చైన్ రంపం, పారలు, గొట్టాలు, తాగేనీళ్ల ఐస్ పెట్టె, లోపల మనుషులు. మనుషులు తక్కువైతే ఒక్కొక్కరికి 250 పౌండ్ల లెక్కన కలుపుకోండి. అగ్నిమాపక వాహనాల లెక్కల్లో, ఒంటిమీది గేర్‌తో కలిపి, ఆ అంకెనే వాడతారు.

తర్వాత డ్రైవర్ తలుపు తెరవండి. తలుపు చట్రం మీద స్టిక్కర్ ఉంటుంది. అందులో జీవీడబ్ల్యూఆర్ అని ఉన్నది ఆ బండి అన్నీ కలుపుకొని ఉండగల గరిష్ఠ బరువు. జీఏడబ్ల్యూఆర్ అని ఉన్నవి ఒక్కో యాక్సిల్ మోయగల బరువులు. కాటా చీటీని ఈ మూడు అంకెలతో పోల్చండి. మొత్తం సరిపోయి వెనక యాక్సిల్ మాత్రం దాటిపోవడం చాలా మామూలు, ఎందుకంటే ట్యాంకు ఉండేది అక్కడే.

నీళ్లు గ్యాలన్‌కు 8.34 పౌండ్లు. 300 గ్యాలన్లంటే 2,500 పౌండ్ల పైమాట. 400 గ్యాలన్లంటే 3,336 పౌండ్లు. మీ బండి పాతకాలపు ఒక టన్ను పికప్ అనుకోండి, స్టిక్కర్ మీద 11,500 పౌండ్లని ఉందనుకోండి. దాని సొంత బరువు, ఇనుప ఫ్లాట్‌బెడ్, ముందు బంపర్, వించ్, పంపు, మనుషులు, సామాను అన్నీ పోను నీళ్లకు ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూడండి. చాలా డిపార్ట్‌మెంట్లలో ఈ లెక్క ఎవరూ ఎప్పుడూ వేయలేదు. బండి కొన్నప్పుడు సరిగ్గానే ఉంటుంది. తర్వాత ఒకరు వించ్ పెట్టిస్తారు, ఇంకొకరు ఇనుప పెట్టెలు వెల్డింగ్ చేయిస్తారు, మూడో ఏడు పెద్ద ట్యాంకు చవగ్గా దొరికిందని మారుస్తారు. ప్రతిదీ మంచి ఉద్దేశంతో చేసిందే. పదేళ్లు తిరిగేసరికి బండి తిరిగే ప్రతి మలుపులో ప్రమాదం ఉంటుంది.

బరువు మించిన బండికి ముందు బ్రేకులు పోతాయి, తర్వాత స్ప్రింగులు, ఆ తర్వాత ఫ్రేమ్. ఇవి మరమ్మతు ఖర్చులు మాత్రమే. అసలు భయం బోల్తా పడటం. ఎత్తులో ఉన్న ట్యాంకులో నీళ్లు మలుపులో ఒక పక్కకు తోసుకొస్తే, మెత్తటి రోడ్డు అంచున చక్రం దిగితే, ఇరవై ఏళ్ల వాలంటీరు కంగారులో స్టీరింగ్ గట్టిగా తిప్పితే క్షణంలో జరిగిపోతుంది.

కాటాలో ఎక్కువ వచ్చిందని తేలితే కొత్త బండి వచ్చేదాకా ఆగకండి, ఆ వారమే బరువు దించండి. ముందు సామాను తీయండి: వాడని పెట్టెలు, రెండో రంపం, పాత గొట్టాలు. అయినా చాలకపోతే చిన్న ట్యాంకుకు మారండి. ఉన్న ట్యాంకునే సగం నింపి నడుపుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లోపల అడ్డుపలకలు సరిగ్గా లేని ట్యాంకులో సగం నీళ్లు నిండు నీళ్లకన్నా ప్రమాదం, అటూ ఇటూ ఊగి బండిని లాగేస్తాయి.

వయసు, రికార్డులు

అగ్నిమాపక వాహనాల నిర్వహణకు ఎన్‌ఎఫ్‌పీఏ (అగ్ని భద్రతా ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ) ప్రమాణాలున్నాయి. ఇదివరకు 1911 నంబరు ప్రమాణం ఉండేది, 2024 ఎడిషన్‌తో దాన్ని మరికొన్నిటితో కలిపి 1910గా చేశారు. 15 ఏళ్లు దాటిన బండి బాగా ఉన్నా రిజర్వులోకి మార్చాలని, 25 ఏళ్లు దాటితే పూర్తిగా పక్కన పెట్టాలని 1911 అనుబంధంలో సూచన ఉంది. అది సలహా మాత్రమే, చట్టం కాదు. అయినా బోర్డు ముందు మాట్లాడేటప్పుడు ఆ రెండు అంకెలు బాగా పనికొస్తాయి.

నా అభిప్రాయంలో బ్రష్ ట్రక్‌కు 15 కూడా ఎక్కువే. పెద్ద ఇంజన్లది భారీ వాహనాల చాసిస్. దీనిది మామూలు వాణిజ్య పికప్ చాసిస్, దాన్ని రాళ్లలో, వాగుల్లో, పొగలో తిప్పుతున్నాం. ఏటా వచ్చే కాల్స్ బాగా ఎక్కువుంటే 10 నుంచి 12 ఏళ్లకే మార్పు గురించి మాట్లాడటం మొదలుపెట్టండి. మైళ్లు చూసి మోసపోవద్దు. మంట దగ్గర బండి గంటల తరబడి ఆన్‌లోనే నిలబడి ఉంటుంది. గంటసేపు ఐడ్లింగ్ సుమారు 25 మైళ్ల ప్రయాణంతో సమానమని ఫ్లీట్ మెకానిక్‌లు లెక్కేస్తారు. మీటర్‌లో 30,000 మైళ్లున్నా ఇంజిన్ గంటలు 3,000 ఉంటే అది కొత్త బండేమీ కాదు.

ఇక బండి కిందికి దూరండి. ట్యాంకు బిగించిన చోట, స్ప్రింగుల హ్యాంగర్ల దగ్గర ఫ్రేమ్‌కు పగుళ్లున్నాయేమో టార్చ్ వేసి చూడండి. ఇంజిన్ గదిలో, డ్యాష్ కింద వైరింగ్ చూడండి. ఏళ్ల తరబడి లైట్లు, సైరన్, రేడియోలు తలా ఒకరు కలిపిన బండిలో మంట పుట్టడానికి బయటి గడ్డి అక్కర్లేదు. టైర్ల గోడ మీద డాట్ అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైన టైరు. ట్రెడ్ ఎంత బాగున్నా ఏడేళ్లకు మార్చాలన్నది ప్రమాణం. ఏటా తక్కువ మైళ్లు తిరిగే వాలంటీరు బళ్లలో ఇది ఎక్కువగా తప్పిపోతుంది, టైరు కొత్తదానిలా కనిపిస్తుంది కాబట్టి.

ఫ్రేమ్ పగుళ్లు, దొరకని విడిభాగాలు, మళ్లీ మళ్లీ వచ్చే బ్రేక్ సమస్య, తగ్గించలేని అధిక బరువు: ఈ నాలుగింట్లో ఏ ఒక్కటున్నా వయసుతో పనిలేదు, తీసేయాల్సిందే. ఇంకో సంగతి. వెనక బెడ్ మీద మనిషిని నిలబెట్టి, కదులుతూ నీళ్లు కొట్టించే పద్ధతి మీ దగ్గర ఇంకా ఉంటే ఈరోజే ఆపేయండి. కదిలే బండి మీద ప్రతి ఒక్కరూ సీట్లో, బెల్టుతో ఉండాలి. అలా కిందపడి తమ బండి చక్రాల కిందే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

బండి ఎవరిదో తేల్చుకోండి

ఇది చిన్న పని, కానీ చివర్లో చేస్తే చాలా నొప్పి. ఫైలు తీసి టైటిల్, అంటే యాజమాన్య కాగితం, చూడండి. వాలంటీర్ డిపార్ట్‌మెంట్ లాభాపేక్షలేని సంస్థ పేరు మీద ఉందా, డిస్ట్రిక్ట్ పేరు మీదా, కౌంటీ పేరు మీదా? పాత సైనిక ట్రక్కు అయితే ఇంకా జాగ్రత్త. ఫెడరల్ ఎక్సెస్ పర్సనల్ ప్రాపర్టీ పథకంలో వచ్చిన బండి మీ స్టేషన్లో ఎన్నేళ్లున్నా ఫెడరల్ ప్రభుత్వ ఆస్తే. రాష్ట్ర అటవీ సంస్థ ద్వారా మీకు అప్పిచ్చారంతే. అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, ముక్కలు చేయకూడదు, తిరిగి అప్పజెప్పాలి. ఫైర్‌ఫైటర్ ప్రాపర్టీ పథకంలో వచ్చినదైతే షరతులు పూర్తయ్యాక యాజమాన్యం బదిలీ అవుతుంది. ఆ బదిలీ కాగితం మీ దగ్గరుందా లేదా చూసుకోండి.

గతంలో ఫెడరల్ గ్రాంటుతో కొన్న బండి అయితే, ఇప్పటి మార్కెట్ విలువ ఒక పరిమితి దాటితే అమ్మే ముందు గ్రాంటు ఇచ్చిన ఏజెన్సీ సూచనలు అడగాలి. చాలాకాలం ఆ పరిమితి 5,000 డాలర్లు, 2024 అక్టోబరు సవరణతో 10,000 అయింది. మీ గ్రాంటుకు ఏది వర్తిస్తుందో అవార్డు తేదీని బట్టి ఉంటుంది.

మీకు నిజంగా కావలసింది ఏమిటి

డీలర్ క్యాటలాగ్ తెరిచే ముందు గత మూడేళ్ల గడ్డి మంటల కాల్స్ తీసి చూడండి. ఎక్కడ జరిగాయి, ఎంత దూరం వెళ్లారు, నీళ్లు మళ్లీ ఎక్కడ నింపుకున్నారు, ఎక్కడ దిగబడ్డారు, ఏ గేట్లో పట్టలేదు. మీ ప్రాంతం ఇప్పుడు పొలాలా, కాలనీలా, రెండూ కలిసిన అంచులా? పదేళ్ల కింద రాంచ్ ఉన్నచోట ఇప్పుడు నాలుగొందల ఇళ్లు, మధ్యలో ఎండిన గడ్డి ఖాళీ స్థలం ఉంటే అవసరం మారిపోయినట్టే.

అమెరికాలో అడవి మంటల ఇంజన్లకు తరగతులున్నాయి. మనం మాట్లాడుకునేది ఎక్కువగా టైప్ 6. దానికి కనీసం 150 గ్యాలన్ల ట్యాంకు, 100 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర నిమిషానికి 50 గ్యాలన్లిచ్చే పంపు, ఇద్దరు సిబ్బంది ఉండాలి. కనీసం 150 అన్నమాట గుర్తుపెట్టుకోండి. కమిటీలో ప్రతిసారీ ఎవరో ఒకరు 400 గ్యాలన్లు కావాలంటారు. అప్పుడు ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి: నిమిషానికి 20 గ్యాలన్లిచ్చే నాజిల్‌తో 300 గ్యాలన్లు 15 నిమిషాలు వస్తాయి, 400 గ్యాలన్లు 20 నిమిషాలు. ఆ ఐదు నిమిషాల కోసం 834 పౌండ్లు బండి బతికినంతకాలం మోస్తుంది. గడ్డి, కట్టె మంటలకు వాడే క్లాస్ ఎ ఫోమ్ కలిపే పరికరం పెట్టించి, నాజిల్ ఆపి ఆపి వాడటం నేర్పితే తక్కువ నీళ్లతోనే ఎక్కువ పని అవుతుంది. నీళ్లు ఇంకా కావాలంటే వెనక టెండర్, అంటే పెద్ద నీళ్ల బండి, రావాలి, ఆ పని బ్రష్ ట్రక్‌ది కాదు.

కొత్తదా, మార్పిడా, పాతదా

పూర్తిగా కొత్త టైప్ 6 బండి ఫోర్డ్ ఎఫ్-550 లేదా రామ్ 5500 చాసిస్ మీద కట్టించుకుంటే 2 లక్షల డాలర్లు దాటడం ఇప్పుడు మామూలైంది. ఈ చాసిస్‌లు 19,500 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ దాకా దొరుకుతాయి. 26,001 పౌండ్ల లోపే కాబట్టి టెక్సస్‌లో మామూలు క్లాస్ సి లైసెన్సుతో నడపొచ్చు. వాలంటీర్లున్న చోట ఇది పెద్ద సౌకర్యం.

డబ్బు తక్కువుంటే నేను ముందు చూడమనేది చాసిస్ మార్పిడి. ట్యాంకు, పంపు, రీలు ఒకే చట్రంలో ఉండే స్కిడ్ యూనిట్ మీ పాత బండిలో ఉంటే, దాన్ని మొత్తంగా ఎత్తి కొత్త చాసిస్ మీద పెట్టొచ్చు. ప్లాస్టిక్ ట్యాంకులు బండికన్నా ఎక్కువకాలం బతుకుతాయి. పంపు ఇంజిన్ అరిగిపోతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. ఇనుప ఫ్లాట్‌బెడ్ బదులు అల్యూమినియం వేయిస్తే బరువూ మిగులుతుంది. అయితే పాత యూనిట్ ట్యాంకు పరిమాణం కొత్త చాసిస్ లెక్కకు సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి, లేకపోతే పాత బండి జబ్బు కొత్తదానికి అంటించినట్టే.

పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లు అమ్మే వాడిన బండి కొనాలనుకుంటే దాన్నీ కాటా వేయించాకే మాట్లాడండి. సైనిక ట్రక్కులు ఉచితంగా వస్తాయని ఆశపడేవాళ్లున్నారు. గుట్టల్లో, బురదలో అవి గట్టివే. కానీ విడిభాగాలు, వేగం, సీటు బెల్టులు, నడపడం నేర్పాల్సిన సమయం లెక్కేస్తే ఉచితం అనే మాట నిలవదు. మెకానిక్ వాలంటీరు ఒకరు గ్యారంటీగా ఉంటే తప్ప ఆ దారి పట్టొద్దంటాను.

డబ్బు ఎక్కడినుంచి

2024 ఫిబ్రవరి 26న టెక్సస్ ఉత్తర కొసనున్న పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో మొదలైన స్మోక్‌హౌస్ క్రీక్ మంట పది లక్షల ఎకరాలకు పైగా కాల్చి, రాష్ట్ర చరిత్రలోనే అతిపెద్దదైంది. దాని మీద శాసనసభ కమిటీ ఇచ్చిన నివేదికలో వాలంటీర్ డిపార్ట్‌మెంట్లకు చాలినంత డబ్బు లేదన్న విషయం గట్టిగానే ఉంది. అంటే మీరొక్కరే కాదు, అందరూ అదే వరసలో నిలబడి ఉన్నారు. అందుకే ఒక్క దారినే నమ్ముకోవద్దు.

టెక్సస్ ఎ అండ్ ఎం ఫారెస్ట్ సర్వీస్ నడిపే రూరల్ వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ సహాయ పథకం ఉంది, అందరూ దాన్ని 2604 అనే పిలుస్తారు. 2001లో చట్టమైన బిల్లు నంబరది. అది ఖర్చులో వాటా ఇస్తుంది, అయితే ట్రక్కుల కోసం ఎదురుచూపు ఎక్కువ. అవసరం వచ్చాక కాదు, ఇప్పుడే దరఖాస్తు పెట్టి ఉంచండి. ఫెడరల్ విపత్తు సంస్థ ఫెమా ఇచ్చే అసిస్టెన్స్ టు ఫైర్‌ఫైటర్స్ గ్రాంట్‌లో వాహనాలకు వీలుంది. 20,000 లోపు జనాభా ఉన్న చోట మీ వాటా 5 శాతమే. దానికి ముందు ఫెడరల్ ప్రభుత్వ శామ్ డాట్ గవ్ సైట్‌లో నమోదు పూర్తయి ఉండాలి, అది ఏటా రెన్యూ చేయాలి. గ్రాంటు దరఖాస్తులు తెరిచాక నమోదు మొదలుపెట్టినవాళ్లు టెన్షన్ పడి చివరికి ఆ ఏడు వదులుకోవడమే. గ్రామీణ ప్రాంతాలకు యూఎస్‌డీఏ (ఫెడరల్ వ్యవసాయ శాఖ) రూరల్ డెవలప్‌మెంట్ కమ్యూనిటీ ఫెసిలిటీస్ కింద రుణమూ, గ్రాంటూ ఉన్నాయి.

అన్నిటికీ వర్తించే ఒక్క నియమం: మంజూరు కాగితం చేతికి రాకముందు కొనుగోలు ఒప్పందం మీద సంతకం చేయొద్దు. బండి తక్కువ ధరకు వస్తోంది, రేపటికి ఉండదు అని డీలర్ ఒత్తిడి చేస్తే చేయనివ్వండి. ముందే కొన్నదానికి గ్రాంటు డబ్బు రాదు.

గ్రాంటు రాసేటప్పుడు కాటా చీటీ జతచేయండి. మా బండి పాతది అని రాసిన దరఖాస్తులు వేలల్లో వస్తాయి. మా బండి వెనక యాక్సిల్ ఇన్ని పౌండ్లు మించి ఉంది, ఇదిగో చీటీ అని రాసినవి తక్కువ.

స్పెసిఫికేషన్ రాయడం

వేరే డిపార్ట్‌మెంట్ స్పెసిఫికేషన్ తెచ్చుకుని పేరు మార్చి పంపేయొద్దు. వాళ్ల నేల వేరు, వాళ్ల గేట్లు వేరు. అన్నిటికన్నా ముందు వాక్యంగా ఇది రాయండి: నీళ్లు, సిబ్బంది, మేమిచ్చే సామాను జాబితా మొత్తం ఎక్కించాక బండి మొత్తం బరువు, ఒక్కో యాక్సిల్ బరువు స్టిక్కర్ అంకెలకు కనీసం 10 శాతం తక్కువ ఉండాలి, అప్పగించేటప్పుడు కాటా చీటీ ఇవ్వాలి. ఆ 10 శాతం నా సలహా. పదేళ్లలో మీ తర్వాతవాళ్లు ఎలాగూ ఏదో ఒకటి చేరుస్తారు, ఆ జాగా ఇప్పుడే వదిలిపెట్టాలి.

డీజిలా, పెట్రోలా అన్నది పెద్ద చర్చ. డీజిల్‌కు బలం ఉంది. కానీ ఇప్పటి డీజిల్ ఇంజిన్ల ఎగ్జాస్ట్ ఫిల్టర్ మసిని కాల్చేసుకునే రీజెన్ సమయంలో దాని లోపల వేడి 1,000 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది. ఎండుగడ్డిలో నిలబడే బండికి అది సమస్యే. గంటలకొద్దీ ఐడ్లింగ్ ఆ ఫిల్టర్‌ను త్వరగా నింపేస్తుంది కూడా. ఫోర్డ్ 2020 నుంచి ఇస్తున్న 7.3 లీటర్ల పెట్రోల్ వీ8 ధరలోనూ, బరువులోనూ తేలిక. దూరాలు మరీ ఎక్కువ కాకపోతే బ్రష్ ట్రక్‌కు పెట్రోలే చాలంటాను. ఏది ఎంచుకున్నా పంపు ఇంజిన్‌కూ అదే ఇంధనం ఉండేలా చూడండి. డీజిల్ బండిలో పెట్రోల్ పంపు ఉంటే, అర్ధరాత్రి పొలం మధ్యలో ఎవరో క్యాన్ పట్టుకుని వెతుక్కోవాలి.

ముందు బంపర్ మీద, క్యాబ్ లోంచి నడిపే నాజిల్ పెట్టించండి. బెడ్ మీద మనిషిని నిలబెట్టే అలవాటుకు నిజమైన ప్రత్యామ్నాయం అదే. దాని బరువు ముందు యాక్సిల్ లెక్కలో కలపడం మర్చిపోవద్దు. వెనక జంట టైర్ల మధ్య రాళ్లు ఇరుక్కుంటాయని జంట బదులు ఒకే వెడల్పాటి టైరు, సూపర్ సింగిల్, వేయించుకునేవాళ్లున్నారు. మంచిదే, కానీ ఆ చక్రం, టైరు రేటింగ్ యాక్సిల్‌కు సరిపోతుందని బిల్డర్ రాసివ్వాలి. కొత్త బండి 2024 తర్వాతి ఎన్‌ఎఫ్‌పీఏ 1900 ప్రమాణం పాటిస్తుందో లేదో కూడా రాతపూర్వకంగా అడగండి. అడవి మంటల బళ్ల పాత 1906 ఇప్పుడు అందులోనే కలిసింది. స్టేషన్ తలుపు ఎత్తు, వెడల్పు టేపు పట్టి కొలవండి.

టెండర్ పిలిచే బాధ తగ్గాలంటే హెచ్‌జీఏసీబై, బైబోర్డ్, సోర్స్‌వెల్ లాంటి ఉమ్మడి కొనుగోలు ఒప్పందాలు వాడుకోవచ్చు. అక్కడ పోటీ బిడ్డింగ్ ముందే అయిపోయి ఉంటుంది. మీ గ్రాంటు దానికి ఒప్పుకుంటుందా అని మాత్రం అడగండి. చాసిస్‌కు ముందే డబ్బు కట్టమంటే దాని తయారీదారు మూలపత్రం మీ పేరు మీద రావాలి, మిగతా అడ్వాన్సుకు బాండు ఉండాలి. బండి తయారుచేసే బిల్డర్ మధ్యలో చేతులెత్తేస్తే మీకు మిగిలేది ఆ కాగితాలే.

కట్టే దశలో, తెచ్చుకునే రోజున

కట్టడం సగమయ్యాక ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి వెళ్లి చూడండి. మొదటిసారి వెళ్లేటప్పుడు చీఫ్‌తో పాటు ఆ బండిని రోజూ నడపబోయే వాలంటీరు ఒకరినీ తీసుకెళ్లండి. రీలు ఎత్తు, వాల్వ్ పిడి చేతికందుతుందా, గ్లవ్స్‌తో తలుపు తెరుచుకుంటుందా అన్నవి వాళ్లకే తెలుస్తాయి.

అప్పగించే రోజు అప్పగింత కాగితం మీద సంతకం పెట్టే ముందు నీళ్లు నింపి, మనుషులెక్కి, మళ్లీ కాటా. ఆ తర్వాత పంపు నడుపుతూ బండిని నెమ్మదిగా కదిలించి చూడండి, నీళ్ల ఒత్తిడి పడిపోకూడదు. లైట్లన్నీ, రేడియో, సైరన్ ఒకేసారి ఆన్ చేసి అరగంట ఉంచండి. లోపం కనిపిస్తే చివరి చెల్లింపు ఆపండి. తర్వాత సరిచేస్తాం అన్న మాట మీద పూర్తి డబ్బు ఇచ్చేసి, నెలలు తిరిగిన డిపార్ట్‌మెంట్లను చూశాను.

రెండు బళ్లూ కొన్నాళ్లు పక్కపక్కనే ఉండాలి. టెక్సస్‌లో చలికాలం చివర, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎండుగడ్డి, గాలుల కాలం. మళ్లీ వేసవి చివర ఇంకోసారి. ఆ నెలల మధ్యలో పాత బండి తీసేసి, ఎవరికీ అలవాటులేని కొత్తదాని మీద ఆధారపడొద్దు. ప్రతి డ్రైవరూ నీళ్లు నింపిన బండిని రోడ్డు మీద, పొలంలో నడిపి, పంపు స్టార్ట్ చేసి చూపించాకే కొత్త బండి డ్యూటీలోకి రావాలి.

కొత్తది డ్యూటీ ఎక్కిన రోజే డిస్పాచ్‌కు ఫోన్ చేసి పాత యూనిట్ నంబరు తీయించండి. బీమా, పరస్పర సహాయ ఒప్పందాలు, టిఫ్‌మాస్ (టెక్సస్ ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఒకదానికొకటి సాయపడే రాష్ట్ర వ్యవస్థ) జాబితా కూడా మార్పించండి. పాత బండిని రిజర్వు అని పేరుపెట్టి వెనక షెడ్లో ఉంచేయడం చాలాచోట్ల చూస్తాం. బరువు వల్లో, ఫ్రేమ్ వల్లో తీసేసిన బండి రిజర్వుకూ పనికిరాదు. మంటల రోజున మనుషులు ఎక్కువై బళ్లు తక్కువైతే, దాని తాళాలు ఎవరో ఒకరు తీసుకుంటారు. ఆ తాళాలు అక్కడ లేకుండా చేయడం మీ బాధ్యత.

పాత బండిని పంపించడం

రేడియోలు ముందు తీయండి, వాటిలో మీ లైసెన్సు ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. సైరన్, ఎర్ర లైట్లు, తలుపుల మీద పేర్లు, నంబర్లు పూర్తిగా తొలగించండి. ఎవరైనా చనిపోయిన సభ్యుడి పేరు బండి మీద ఉంటే ఆ తలుపు విప్పి స్టేషన్లో ఉంచుకుని, బండికి వేరే తలుపు వేయించండి. ఆ కుటుంబానికి ముందే చెప్పండి, వేలం సైట్‌లో ఫొటో చూసి తెలుసుకోకూడదు.

ఫోమ్ ట్యాంకు గురించి ఒక హెచ్చరిక. ఎప్పుడైనా అందులో ఇంధన మంటల కోసం వాడే ఏఎఫ్‌ఎఫ్‌ఎఫ్ పోసి ఉంటే, కడిగిన నీళ్లలోనూ నేలలో, నీళ్లలో తేలిగ్గా కరిగిపోని పీఫాస్ అనే హానికర రసాయనాలు ఉంటాయి. నేల మీదో, కాలువలోకో వదలకూడదు. పక్కన పట్టి, రాష్ట్ర పర్యావరణ శాఖను అడిగి పారబోయించాలి.

బండి ఇంకా పనికొచ్చే స్థితిలో ఉంటే, ఇంకా పేద డిపార్ట్‌మెంట్‌కు ఇవ్వాలనిపిస్తుంది. మంచి ఆలోచనే. టెక్సస్‌లో హెల్పింగ్ హ్యాండ్స్ పథకం ద్వారా ఫారెస్ట్ సర్వీస్ చేతికిస్తే, వాళ్లు అవసరమైన చోటికి చేరుస్తారు, ఇచ్చినవాళ్లకు బాధ్యత భయం ఉండదు. కానీ మన మనుషులకు ప్రమాదమని తీసేసిన బండిని ఇంకొకరి పిల్లలకు అలాగే ఇవ్వొద్దు. చిన్న ట్యాంకు వేసి, కాటా చీటీ, పాత రికార్డులన్నీ జతచేసి ఇవ్వండి. ఫ్రేమ్ పగిలిందైతే విడిభాగాలుగా తీసి మిగతాది తుక్కుకు పంపండి. డిస్ట్రిక్ట్ ఆస్తి అయితే ఎవరికి, ఏ ధరకు ఇవ్వొచ్చన్నది బోర్డు తీర్మానంతో, లాయర్ సలహాతోనే జరగాలి.

అమ్మాలనుకుంటే గవ్‌డీల్స్ లాంటి ప్రభుత్వ వేలం సైట్లు ఉన్నాయి. ప్రకటనలో తెలిసిన లోపాలన్నీ రాసేయండి. అమ్మకం అయ్యాక టైటిల్ మీద సంతకం చేసి ఊరుకోకుండా 30 రోజుల్లోపు టెక్సస్ డీఎంవీకి (వాహనాల శాఖకు) వాహన బదిలీ నోటిఫికేషన్ పంపండి. కొన్నవాళ్లు పేరు మార్చుకోకుండా తిరిగితే టోల్ బిల్లులు, టికెట్లు డిపార్ట్‌మెంట్ పేరు మీదికే వస్తాయి. ఆ నోటిఫికేషన్ కాపీ, కాటా చీటీలు, తీర్మానం అన్నీ ఒకే ఫైల్లో పెట్టి, ఫైలు మీద కొత్త బండి నంబరు రాసి స్టేషన్లో ఉంచండి.